జూలై ఎండల్లో డాడీ చలికోటు

డాలస్ దగ్గర కాపెల్‌లో, మా చిన్నప్పటి ఇంటి గరాజ్‌లో సగం డాడీ పాత స్పోర్ట్స్ కారుదే... నాకంటే చాలా పెద్దది అది. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఎండకి వెలిసిపోయిన ఎరుపు. ఏసీ ఏనాడో చచ్చిపోయింది. శనివారం వచ్చిందంటే డాడీ దాని కింద దూరేవారు, నేను పక్కన కూర్చుని స్పానర్లు అందించేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో, అన్నం తింటూ డాడీ అన్నారు... "చిన్నీ, మనిద్దరం ఈ కార్‌లో జెర్సీ సిటీకి డ్రైవ్ చేద్దామా? మీ అత్త వాళ్లింటికి."

ఎగిరి గంతేశాను. ఆ వెంటనే అనుమానమొచ్చింది. గ్రోసరీకి వెళ్లడానికి కూడా ఆ కారుని నమ్మని మమ్మీ అడ్డు చెప్పకుండా తల వంచుకుని పెరుగన్నం కలుపుకుంటోంది.

"నువ్వు రావా మమ్మీ?"

"రెండు సీట్లేగా. ఆఫీస్ ఉంది నాకు. ఫ్రైడే ఫ్లైట్‌లో వచ్చేస్తాలే."

సర్దుడు మొదలైంది. ఆ డిక్కీ సగం స్పేర్ టైరుతోనే నిండిపోయేది. సూట్‌కేసులు పట్టవు... నొక్కితే నొక్కుకుపోయే మెత్తటి సంచులే. అడుగున డాడీ కూలెంట్, నీళ్ల క్యాను, ఫ్యూజులు, టేపు, టార్చి, పాత తువ్వాళ్లు పెట్టారు. సీట్ల వెనక సందులో మమ్మీ పులిహోర డబ్బా, మరచెంబు, దుప్పటి కుక్కింది. నాకు ఒక్క కథల పుస్తకం చాలన్నారు.

అంత ఇరుకులో... మమ్మీ డాడీ చలికోటు చుట్టచుట్టి ఒక సంచిలోకి తోస్తోంది!

"మమ్మీ, కోట్ ఎందుకు? ఇట్స్ జూలై!"

"మీ అత్త ఏసీ ఎక్కువ పెడుతుంది."

ఆ మాట నేను నమ్మలేదు.

తర్వాత మమ్మీ ఫోన్‌లో ఎవరితోనో టికెట్ల గురించి మాట్లాడుతుంటే విన్నాను. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు రెండు. అంటే మమ్మీ, నేను. మరి డాడీ? ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో పాస్టర్ అంకుల్ డాడీ తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఊరికి వెళ్లొచ్చేవాళ్ల కోసం అంతసేపు చేస్తారా?

మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఇలాగే ఒక వేసవిలో బట్టలు సర్దుకుని వెళ్లి, మళ్లీ ఆ ఇంటికి రాలేదు. అది గుర్తొచ్చింది... ఎవరినీ అడగలేదు. డాడీని కనిపెడుతూ కూర్చున్నాను.

బయల్దేరేటప్పుడు మమ్మీ కారు కిటికీలోంచి వంగి డాడీ కాలర్ సరిచేసింది. అలా ఎప్పుడూ చేసేది కాదు. అది కూడా అనుమానంగానే చూశాను.

దారంతా తడి తువ్వాలు మెడకి చుట్టుకుని, గాలి హోరులో అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. టెన్నెసీలోకి వచ్చాక బానెట్ లోంచి ఆవిర్లు లేచాయి. రేడియేటర్ గొట్టం చిట్లింది. డాడీ మెల్లగా ఒక గ్యాస్ స్టేషన్ పక్కన, చెట్టు నీడలో ఆపారు. టేపు, కూలెంట్ డిక్కీ అడుగున ఉన్నాయి కదా... సంచులన్నీ కిందకి దించాల్సొచ్చింది.

నా చేతిలోని సంచి జిప్పు ఊడింది. గడ్డి మీద పడ్డాయి... చలికోటు, ఇస్త్రీ చేసిన ఆఫీస్ చొక్కాలు, ఉలెన్ సాక్సులు, డాడీ బైబిలు, బుల్లి రైస్ కుక్కర్, గుడ్డలో చుట్టిన ఆవకాయ సీసా. వారం రోజులకి వెళ్లేవాళ్ల సామాను కాదది.

"డాడీ... నువ్వు వెనక్కి రావట్లేదా?"

ఆయన చేతిలోని టేపు కింద పెట్టి గడ్డి మీద కూర్చున్నారు.

"ఇక్కడి జాబ్ పోయింది చిన్నీ. అక్కడ దొరికింది. అది వదులుకుంటే వీసాకి కష్టం. కొన్నాళ్లు అక్కడే ఉండాలి. మమ్మీ ఆఫీస్, నీ స్కూల్ ఇక్కడ కదా..."

"మమ్మీకి తెలుసా?"

"ఈ సంచి సర్దిందే మమ్మీ, తల్లీ."

అప్పుడు ఏడుపొచ్చింది. నేను అనుకున్నది కాదని కొంత... అయినా ఆయన రారని కొంత.

"మరి ఫ్లైట్‌లో వెళ్లొచ్చు కదా? ఈ కార్‌లో ఎందుకు?"

"ఫ్లైట్‌లో అయితే మూడు గంటలే. నీతో కొన్ని రోజులు కావాలనిపించింది."

గొట్టానికి టేపు చుట్టి, కూలెంట్ పోసి, సామానంతా మళ్లీ కుక్కాం. ఈసారి కోటు నేనే చుట్టాను. ఇంజిన్ వేడి చూపించే ముల్లు మీద కన్నేసి ఉంచడం నా డ్యూటీ అన్నారు డాడీ. మిగిలిన దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను... అది ఇంకొక్కసారి పైకి లేస్తే బాగుండు, ఇంకొంచెంసేపు ఎక్కడైనా ఆగిపోతాం అనుకుంటూ. అది లేవలేదు. కారు మా అత్త వాళ్ల అపార్ట్‌మెంట్ ముందుకి బుద్ధిగా వచ్చి ఆగింది.

డాడీ అక్కడ రెండు చలికాలాలు ఉన్నారు. వీలైనప్పుడల్లా వచ్చి వెళ్లేవారు. చివరికి డాలస్‌లోనే ఉద్యోగం దొరికి ఇంటికొచ్చేశారు, కారు లేకుండా. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని తుప్పు పట్టించి తినేసిందట. ఇంకెవరికో ఇచ్చేశారు.

ఇప్పుడు డాలస్ పక్కనే ఫ్రిస్కోలో మాది ఏడు సీట్ల బండి. ఏం తోసినా పట్టేస్తుంది, బటన్ నొక్కితే డిక్కీ మూత దానంతటదే పడుతుంది. మా పిల్లలు వెనక సీట్లో ఎవరి స్క్రీన్ వాళ్లు చూసుకుంటుంటారు. "ఇదెందుకు మమ్మీ?" అని ఒక్కరూ అడగరు... అనుమానంగానైనా సరే, అడిగితే ఎంత బాగుండును అనిపిస్తుంది.

మీ ఇంట్లో ప్రయాణాలకి సంచులు సర్దేదెవరు? మీకు చెప్పకుండా అందులో పెట్టిందేమైనా ఇప్పటికీ గుర్తుందా...?