అప్పలస్వామి మావయ్య కుదిర్చిన సైకిలు

ఆదివారం పొద్దున కొండ దిగి, సైకిలును రోడ్డు పక్క కమ్మీకి ఆనించి నీళ్ళు తాగుతున్నాను. నా వెనకే ఒక అమ్మాయి సైకిలు మీద దిగివచ్చి ఆగింది. ఆమెతోపాటు ఒక వాసన వచ్చింది. ఇనుము కాలినట్టు, దాని అడుగున ఏదో గుడ్డ మాడినట్టు, గొంతులో గరగరలాడే వాసన. కొండ పైనుంచి కిందిదాకా బ్రేకులు వదలకుండా నొక్కిపెట్టి దిగితే చక్రం మధ్యలో ఉండే ఇనప పళ్ళెం కాగిపోయి ఆ వాసన కొడుతుంది. "బండిలో ఏదో లోపం ఉందక్కా" అంది ఆ అమ్మాయి. కాసేపు రొప్పి, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. నేను మాత్రం కదల్లేదు. ఆ వాసన నన్ను ఏడేళ్ళు వెనక్కి లాక్కెళ్ళి అప్పలస్వామి మావయ్య ముందు నిలబెట్టింది.

మీకు ఆయన తెలియదు. పోయిన వానల్లో ఆయన పోయాడు కనక ఇక తెలిసే అవకాశమూ లేదు. బంటింగ్‌లో బస్సులు ఆగేచోటికి వెనక వీధిలో, మోటారుసైకిళ్ళు బాగుచేసే షాపుకీ రొట్టి చనాయ్ అనే పరోటాలు వేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది ఆయన సైకిళ్ళ కొట్టు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ మలేషియా రబ్బరు తోటకి కూలిగా వచ్చినవాడు. ఈయన ఆ తోట కూలీల లైన్లలోనే పుట్టి, పామాయిలు మిల్లులో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి, రిటైరయ్యాక ఈ కొట్టు పెట్టాడు. పొట్టి మనిషి. మోచేతుల దాకా గ్రీజు. మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించేవాడు. ఎదటివాళ్ళు ఎంత గొంతు చించుకున్నా తన గొంతు పెంచేవాడు కాదు. నాలాంటిదానికి ఇంతకంటే ఒళ్ళు మండించే గుణం మరొకటి ఉండదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. నలభై ఆరో ఏట డాక్టరు నా రక్తంలో చక్కెర చూపించి భయపెడితే సైకిలెక్కాను. అదే చక్కెరతో మా అమ్మ ఒక పాదం పోగొట్టుకుంది, దాని తర్వాత ఎక్కువకాలం లేదు. ఆరు నెలల్లో నా చక్కెర దిగింది. అంతకంటే పెద్ద లాభం, వారానికి రెండు గంటలు ఎవరితోనూ వాదించకుండా బతకొచ్చని తెలిసింది. అలా ఉండగా ఒక ఆదివారం, ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని కొండ దిగుతూ, రాళ్ళ మలుపు దగ్గర హ్యాండిలు మీదుగా బోర్లాపడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది. ఆ తర్వాత కొండ ఎక్కేదాన్ని కాని, దిగేటప్పుడు మాత్రం సైకిలును పక్కన నడిపించుకుంటూ వచ్చేదాన్ని. నాతో వచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ కింద కూర్చుని ఎదురుచూసేవారు. ఒక్క మాట అనేవారు కాదు. ఆ అనకపోవడమే నాకు కంపరంగా ఉండేది. మా ఆయన, "ఇంట్లో నడిచే బెల్టు మిషను కొనుక్కోరాదూ, పడినా పరుపు మీదే పడతావు" అన్నాడు. అప్పుడు తీర్మానించుకున్నాను: మంచి సైకిలు కొని దాని మీద కొండ దిగాలి, లేదంటే ఈ పని మానేయాలి. మానేస్తే ఎక్కడికి చేరతానో నాకు తెలుసు. ముందు సోఫాకి, ఆ తర్వాత మా అమ్మ వెళ్ళిన దారికి.

తొమ్మిది కాగితాలు అచ్చువేయించుకుని మావయ్య కొట్టుకి వెళ్ళాను. ఏ సైకిలు ఎంత బరువు, కుదుపులు మింగే షాకు దేనికి ఎంత లోతు కుంగుతుంది, హ్యాండిలు కింది గొట్టం ఎంత వాలు, అన్నీ గళ్ళు గీసి పోల్చిన కాగితాలు. అందులో ఒకదాని మీద ఎర్ర గీత. ముందూ వెనకా నూటడెబ్బై మిల్లీమీటర్లు కుంగే భారీ సైకిలు, బండల మీంచి దూకేవాళ్ళు వాడేది.

"అంకుల్, నాకిది కావాలి" అన్నాను.

"అంకుల్ ఏటి లా? తెలుగోల్లం కాదేటి మనం? మావా అనండి. ఇంతకీ మీరు ఎవరి తాలూకు?"

చెప్పాను. మా తాత వాళ్ళ తోటలోనే కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. ఆ మాట వినగానే ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అది గౌరవమో వెక్కిరింతో ఇప్పటికీ నాకు తేలలేదు. "కిరాణిగారి మనవరాలా! అందుకే కాయితాలు పట్టుకొచ్చినారు" అన్నాడు. కాగితాలు తిరగేసి, "కొండ ఎక్కడానికి ఎంతసేపు పడతాది మీకు?" అని అడిగాడు.

"గంటన్నర."

"దిగడానికి?"

"దిగేవాళ్ళకి ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాల బండి కొనుక్కొని గంటన్నర మోస్తారేటి?"

"ఎక్కడం నాకు వచ్చు మావయ్యా. రానిది దిగడం, ఒకసారి పడి మెడ కింది ఎముక కూడా విరగ్గొట్టుకున్నాను. ఏది రాదో దానికే కదా సాయం కొనుక్కోవాలి? ఇది మామూలు లెక్క."

"లెక్క బాగుంది లా. కొండకి సెప్దాం. ఆదివారం రండి."

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొండల సైకిలు కొనేవాళ్ళెవరైనా ముందు దాన్ని తోసుకుంటూ కొండ ఎక్కాలి. తొక్కకూడదు, తొయ్యాలి. ఆదివారం వ్యానులోంచి మూడు సైకిళ్ళు దించాడు. నా ఎర్ర గీత భారీది ఒకటి. వెనక షాకే లేని తేలిక సైకిలు ఒకటి. రెండింటికీ నడిమధ్య ఉన్నది మూడోది, నూటనలభై మిల్లీమీటర్లు కుంగేది. ఒక్కోదాన్నీ మొదటి మలుపుదాకా తోసి తీసుకురమ్మన్నాడు.

"నేను బేరానికి వచ్చానా, కూలికి వచ్చానా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "తెల్లారగట్ట పెరట్టులో హాజరుకి మీ తాత పేర్లు పిలిస్తే మా అయ్య వరసలో నిలబడి 'ఉన్నానండి' అనేవోడు. ఇయాల నాను పిలుస్తన్నాను. తొయ్యి అమ్మీ" అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. విచిత్రం, నాకు కోపం రాలేదు. తోశాను.

తోస్తుంటే పక్కనే నడుస్తూ చెప్పాడు. కుర్రతనంలో ఆయన సైకిలు వెనక రెండు రబ్బరుపాల టిన్నులు కట్టుకుని తోట గుట్టలు ఎక్కీ దిగీ తిరిగేవాడట. ఎక్కేటప్పుడు తోపుడు, దిగేటప్పుడు చెప్పుకాలే బ్రేకు. పాలు ఒలికితే ఆరోజు కూలి పోయినట్టే. "తోస్తే సైకిలు ఎలాటిదో సేతులకి తెలిసిపోతాది. కాయితం మీద అన్నీ బాగానే ఉంటాయి."

భారీదాన్ని మలుపుదాకా చేర్చేసరికి నా కళ్ళ ముందు చుక్కలు. అయినా ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. "తోయడం వేరు, తొక్కడం వేరు. తొక్కి చూడకుండా తీర్పు చెప్పడం అన్యాయం" అన్నాను. "సరి సరి, తీసుకెల్లు. రెండు వారాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. వాదనకి దిగితే బండి చేతిలో పెట్టేవాడు.

రెండు ఆదివారాలు దాన్ని తొక్కాను. తొక్కిన ప్రతిసారీ సీటు కింద అది పరుపులా కుంగి ఊగేది. నా బలంలో సగం షాకులే మింగేవి. పైకి చేరేసరికి తొడలు వణుకు, వేళ్ళు బ్రేకు మీద నిలవవు. ఆ వణుకుతోనే దిగబోయి పది గజాలకే ఆగిపోయాను. రెండోవారం ఐదు గజాలకే. సైకిలు తిరిగి ఇచ్చేటప్పుడు "నాను ముందే సెప్పినాను" అంటాడని జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన ఆ మాటే అనలేదు. నా జవాబు దండగైంది.

"పైకి ఎల్లేసరికి నీ దగ్గర ఏటి మిగిలింది?" అని అడిగాడు.

"ఏమీ మిగల్లేదు."

"ఏటీ లేకుండా దిగడం ఎలాగ? దిగడానికి గావాల్సింది ఎక్కేటప్పుడే దాసుకోవాల. దాసుకోనిచ్చే బండి ఎతుక్కో."

అప్పటిదాకా ఎక్కడం వేరే పని, దిగడం వేరే పని అనుకుని రెంటినీ వేర్వేరు గళ్ళలో రాసుకున్నాను. రెండింటికీ శరీరం ఒక్కటేనన్న సంగతి నా తొమ్మిది కాగితాల్లో ఎక్కడా లేదు. మరి తేలిక సైకిలే ఎందుకు కాకూడదని అడిగాను. "ఎక్కడానికి అది గుర్రమే. దిగేటప్పుడు ప్రతి రాయీ నీ మెడ ఎముకని పలకరిస్తాది. బోలే, సరేనంటే తీసుకో" అన్నాడు. అక్కర్లేదన్నాను. మధ్యదే ఖాయమైంది. ఎక్కేటప్పుడు వెనక షాకు ఊగకుండా బిగించే మీట ఉంది దానికి. దిగేటప్పుడు బొటనవేలితో మీట నొక్కితే సీటు కిందికి జారిపోయి ఒళ్ళు వెనక్కి జరుపుకోవడానికి చోటిస్తుంది.

ఇక మిగిలింది షాకులో గాలి పట్టడం. తొక్కే మనిషి బరువును బట్టి గాలి పట్టాలి. చిన్న పంపు చేతిలో పట్టుకుని మావయ్య, "ఎన్ని కిలోలు అమ్మీ?" అని అడిగాడు. కొట్టులో నాతో తిరిగే ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్నారు. పక్క కొట్టునుంచి టీ గ్లాసులతో వచ్చిన మగవాళ్ళు ముగ్గురున్నారు.

"అరవై రెండు" అన్నాను.

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. అరవై రెండుకే గాలి పట్టాడు.

ఆ ఆదివారం కొండ హాయిగా ఎక్కాను. పైన నాకింకా ఊపిరి ఉంది, కాళ్ళున్నాయి. మావయ్య కూడా పాత సైకిలు తోసుకుంటూ వెనకాలే వచ్చాడు. ఈసారి దిగుతాననే అనుకున్నాను. మొదటి మెట్టులాంటి రాయి దిగగానే వెనక షాకు అడుగుకంటా కుంగి 'ఠక్' మంది. వెన్నులోకి కొట్టినట్టయింది. రెండో రాయి దగ్గర మళ్ళీ ఠక్. రెండు బ్రేకులూ బిగించి, జారుతూ ఆగి, సైకిలు పక్కన పడేశాను.

"ఇదేం బండి! దీన్నా నాకు అంటగట్టారు? ఇక చాలు. ఈ కొండకీ దానికీ ఒక దండం, నేను మానేస్తున్నాను!" అని అరిచాను. మాతో వచ్చిన ఆ ఇద్దరు ఆడవాళ్ళూ బిక్కమొహాలు వేశారు. ఆయన వాళ్ళతో, "మీరు ఎల్లి కింద టీ తాగండమ్మా. మేం వస్తాం" అన్నాడు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగి సైకిలు లేపాడు. వెనక షాకు మీద ఒక చిన్న రబ్బరు ఉంగరం ఉంటుంది. షాకు ఎంత కుంగితే అది అంత దూరం జరిగి అక్కడే ఆగుతుంది. అది చివరంచుకి వచ్చి ఊడిపోయేటట్టుంది.

"ఈ ఉంగరానికి సిగ్గు లేదు లా. ఉన్నదే సెప్తాది. ఇప్పుడు సెప్పు, ఎన్ని కిలోలు?"

కోతుల గోల తప్ప అక్కడ ఎవరూ లేరు.

"డెబ్బై ఒకటి."

"అలామక్, ఓలమ్మో! తొమ్మిది కిలోలు కొట్టులో ఒగ్గేసి వచ్చినావేటి?"

నవ్వు ఆగలేదు నాకు. ఏడుపూ వచ్చింది. ఆయన జేబులోంచి పంపు తీసి గాలి పడుతూ, తలెత్తకుండా అడిగాడు. "భయం ఎంత?"

"భయానికి కిలోలుంటాయా?"

"ఎందుకుండవు? నీ బ్రేకుల కంపు నాదాకా వచ్చింది. నాకు సెప్పకపోతే దానికి సరిపడా గాలి నానెలా పట్టేది?"

అప్పుడు చెప్పాను. కొండంతా భయం కాదు, ఒక్క రాళ్ళ మలుపే భయమని. అక్కడికి రాకముందే వేళ్ళు బిగుసుకుంటాయని. నిద్రపట్టేముందు అది కళ్ళ ముందుకు వస్తుందని. మా ఆయనకి కూడా చెప్పని మాటలు. ఆయన ధైర్యం చెప్పలేదు. "అయితే మలుపు వరకూ తొక్కు. మలుపు దగ్గర దిగి నడువు. అది దాటినాక మల్లీ ఎక్కు. ఒక్క పది గజాలు నడిస్తే కొండేటీ అనుకోదు" అన్నాడు. ఇంత చిన్న ఉపాయం నాకు తట్టనే లేదు. దిగితే మొత్తం దిగాలి, లేదా మొత్తం మానేయాలి అని నాతో నేనే పోట్లాడుతూ వచ్చాను.

ఆరోజు అలాగే దిగాను. సీటు కిందికి జారింది, షాకు మెత్తగా కుంగి లేచింది, గాలి చెవుల్లో హోరుమంది. మలుపు దగ్గర నడిచాను. మళ్ళీ ఎక్కాను. ఐదు వారాలు ఆ పది గజాలూ నడుస్తూనే ఉన్నాను. ఆరోవారం మావయ్య ఆ మలుపులో బండరాయి మీద కూర్చుని, "సక్రం కేసి సూడకు, నన్ను సూడు, నన్ను దాటి సూడు!" అని అరుస్తుండగా, వేళ్ళు వదిలి, ఆయన పక్కనుంచి దాటిపోయాను. ఆయన గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే.

పోయిన ఏడు ఊపిరితిత్తులు పాడై ఆయన క్లాంగ్‌లో ఆసుపత్రిలో చేరాడు. చూడబోయాను. ముక్కుకి గొట్టం. మాట తక్కువ. "ఈ వారం దిగినావా?" అన్నాడు.

"దిగాను మావయ్యా."

"ఎంత బరువు?"

"డెబ్బై మూడు. పెరిగాను" అన్నాను. పక్క మంచం ఆయన కూడా విన్నాడు.

"గాలి ఎక్కువ పట్టు" అన్నాడు అప్పలస్వామి మావయ్య, కళ్ళు మూసుకుని నవ్వుతూ.

నా చక్కెర అదుపులోనే ఉంది. రెండు పాదాలూ ఉన్నాయి. పోయిన నెల కాలేజీలో కొత్త కోర్సు ఒకటి వచ్చింది, పాఠమంతా కంప్యూటరు మీదే చెప్పాలి. తీసుకుంటారా అని మా విభాగాధిపతి నన్ను అడిగాడు. పాతికేళ్ళుగా ఇలాంటి ప్రశ్నకి నాది ఒకటే జవాబు, ఆ కోర్సే పనికిరానిదని గంటసేపు రుజువు చేయడం. ఆరోజు కూడా మొదటి వాక్యం నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగి, "నాకది రాదు. పిల్లల ముందు తడబడతానని భయం. మూడు నెలలు నేర్చుకోనిస్తే తీసుకుంటాను" అన్నాను. ఆయన తేరుకుని ఒక నెల చాలదా అన్నాడు. చాలదని ముప్పావుగంట వాదించి మూడు నెలలూ సాధించాను. ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పేస్తే, వాదించడానికి ఊపిరి బోలెడు మిగులుతుంది.