గడువు పలికిన నోరు

మా మేనేజర్‌కు ఇంగ్లీషు మీద ప్రేమ అనుకునేదాన్ని, పిచ్చిమొహాన్ని. మాదాపూర్‌లో అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. బయట బండరాళ్లు, ముళ్లకంపలు. లోపల ఎముకలు కొరికే ఏసీ. సంవత్సరానికి రెండే అంకెలు వేసిన పాత ప్రోగ్రాములను, రెండువేల సంవత్సరం రాకముందే సరిచేసే పని మాది. ఆ పనికన్నా ముందు ఆయన మాకు గడువు చెప్పడం నేర్పేవాడు. రోజూ పొద్దున్నే మీటింగు, ఒక్కొక్కరూ లేచి తమ పని ఎప్పటికవుతుందో ఇంగ్లీషులో చెప్పాలి.

నా పక్కసీటు పిల్లది హఫీజ్‌పేట్. తండ్రి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, ఇంటికి ఆమె జీతమే దిక్కు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, దానికోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది. ఒకరోజు లేచి, "టిల్ ఫ్రైడే ఐ విల్ గివ్ సార్" అంది.

"శుక్రవారం దాకా ఇస్తూనే ఉంటారా మేడమ్ గారూ? తమరిదేమైనా అక్షయపాత్రా అండీ?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. "మీటింగ్ అయ్యేదాకా అలాగే నిలబడండి. టిల్ అంటే అదీ!"

నిలబడింది పాపం, తల వంచుకుని. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చోబెట్టి మా అనంతపురం యాసలోనే చెప్పాను. "చూడు పాపా, కరెంటు బిల్లు పదో తారీఖుకల్లా కట్టాల. ముందే కడితే ఇంకా మంచిది, దాటితే ఫ్యూజు పీకుతారు. అది బై. బిల్లు కట్టే కౌంటరు సాయంత్రం దాకా తెరిచే ఉంటాది. అది టిల్."

"గింతేనా అక్కా? గీ ముచ్చటకేనా నన్ను గంటసేపు నిలబెట్టిండు?" అని నవ్వింది. ఆ తర్వాత ఒక్కసారి తప్పితే ఒట్టు.

వారానికోసారి అమెరికా క్లయింటుతో ఫోన్. మేనేజర్ స్పీకర్ పెట్టి, మా మాట అవతలికి వినపడకుండా మ్యూట్ నొక్కి, ఫలానా రోజు చెప్పమని తేదీ అందించేవాడు. మ్యూట్ తీసి మాచేత పలికించేవాడు. ఆ రోజు ఆమె వంతు.

"శుక్రవారానికల్లా అని చెప్పు."

"అంత జల్దీ కాదు సార్. ఇంకో రెండు వారాలన్న కావాలె."

"నీకు కావలసింది రెండు వారాలా, ఉద్యోగమా?" అని మ్యూట్ తీశాడు.

"బై ఫ్రైడే," అంది ఆమె, ముత్యంలా. ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

శుక్రవారం వచ్చింది. తిండి మాని చేసినా పని సగం కూడా కాలేదు, కాదని ఆమె ముందే చెప్పింది కదా. మళ్లీ ఫోన్‌లో ఆయన గొంతులో ఎంత బాధో! ఆ అమ్మాయే మాటిచ్చిందని, తాను నమ్మి మోసపోయానని చెప్పుకున్నాడు. సోమవారం గేటు దగ్గరే ఆమె కార్డు లాగేసుకుని ఇంటికి పంపేశారు. అప్పుడు అర్థమైంది నాకు ఆ క్లాసులెందుకో. తడబడుతూ చెప్పిన మాటకు మనిషిని పట్టుకోవడం కష్టం. స్పష్టంగా గడువు చెప్పిన నోరైతే నేరం దానిమీదే వేయొచ్చు. దుర్మార్గుడు!

ఆ పని నా నెత్తిన పడింది. ఫోన్ మోగింది, మ్యూట్ నొక్కాడు, బుధవారానికల్లా అనమన్నాడు. మ్యూట్ తీయగానే ఇంగ్లీషులో గబగబా అనేశాను. "బై వెడ్నెస్‌డే అని మా మేనేజర్ చెప్పమంటున్నారు. నాకైతే రెండు వారాలు కావాలి."

ఆయన మొహం మాడిపోయింది. అవతలి మనిషి మాత్రం హాయిగా నవ్వాడు. "రెండు వారాలేనా? తీసుకోండి. మాకు డిసెంబరు దాకా తొందరేం లేదు. ఇంతకుముందే అడగాల్సింది."

నా గుండె చెరువైపోయింది. ఆమె అడిగిందీ అంతే కదా! ఫోన్ పెట్టగానే మేనేజర్ వెంటపడ్డాను. "ఆమెను వెనక్కి పిలవండి సార్, గడువు దొరికింది కదా."

"ఆ సీటులోకి వేరే అమ్మాయిని తీసుకున్నామండి," అన్నాడు, తాపీగా టీ తాగుతూ. "బుధవారానికల్లా చేరిపోతుంది."

ఆ కొత్త పిల్ల మంగళవారమే వచ్చి చేరింది. బుధవారం పొద్దున మీటింగు అయ్యేదాకా తల వంచుకుని నిలబడే ఉంది.