అప్పటికే అందిన ఉత్తరం

నా చిన్నప్పుడు కాజీపల్లిలో మాకు గోళీకాయలకంటే ఎక్కువగా దొరికేవి మందుల కంపెనీలు పారేసిన ఖాళీ క్యాప్సూళ్లు. వాటి రెండు ముక్కలూ ఊడదీసి, లోపల ఇసుక నింపి, మళ్లీ మూసేవాళ్లం. కంపెనీలో క్యాప్సూళ్లు ఏరే పక్కింటి అక్క "నోట్ల పెట్టుకునేరు!" అని అరుస్తూనే ఉండేది. ఇంటర్ సైన్సు చదివి పనిలో చేరిన మనిషి. పాఠం చెప్పే పిచ్చి మాత్రం పోలేదు.

నాది మొదటినుంచీ పిరికి గుండె. ఆ ఏడు మా తమ్ముడికి తట్టు పోసింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, కాలిపోయే జ్వరం, ఆయాసం. అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఆరో రోజు కూడా వాడు కళ్లు తెరవకపోయేసరికి అమ్మానాన్నలు వాణ్ని పటాన్‌చెరు దవాఖానకు తీసుకుపోయారు. ఎక్కడికి వెళ్తున్నా నా తల నిమిరి వెళ్లే నాన్న ఆ రోజు నావైపు చూడనైనా లేదు. తమ్ముడిక తిరిగి రాడేమో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే తలుపు కింద ఒక ఉత్తరం కనిపించింది. ఇది అందినవారు పదకొండు మందికి రాసి పంచాలని, పంచకపోతే ఇంట్లో ప్రాణం పోతుందని దేవుడి పేరు పెట్టి ఎవరో రాశారు. అలాంటివి అప్పట్లో ఊళ్లన్నీ తిరిగేవి. పెద్దవాళ్లే వణుకుతూ రాసేవాళ్లు, ఇంక నేనెంత! కళ్లు మండుతున్నా, ముక్కు కారుతున్నా, నోటుబుక్కు చించి పదకొండూ రాశాను. ఒక్క అక్షరం తప్పు పడినా తమ్ముడు పోతాడనుకున్నాను. చిన్నపిల్లలున్న ఇళ్లే ఏరుకున్నాను. ఆ తల్లులైతే భయపడి తప్పకుండా రాస్తారని నా తెలివి.

మొదటి ఇల్లు నా స్నేహితురాలిది. దాని చేతిలో ఉత్తరం పెట్టి, చెవిలో నోరు పెట్టి సంగతంతా చెప్పాను. రెండో ఇంటికి పరుగెడుతుంటే, షిఫ్టు దిగి వస్తున్న అక్క నా రెక్క పట్టుకుంది.

"కండ్లు గట్ల ఎర్రగున్నయేంది పిల్లా? జెర ఆగు!"

నుదురు ముట్టుకుంది. ఉత్తరాలు లాక్కుని చదివింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, నా గౌను జేబులోని క్యాప్సూల్ తీసి తెరిచింది. ఉత్తరంలోంచి ఒక ముక్క చింపి, చుట్టి, లోపల పెట్టి మూసింది.

"తట్టు తెచ్చే వైరస్ గిట్లనే ఉంటది. పైన తొడుగు, లోపల చీటీ. తిండి లేదు, ఊపిరి లేదు. చీటీల ఒకటే మాట, నా అసొంటివి చేసి పంచుమని."

అది తనంతట తాను ఏమీ చేయలేదట. మన ఒంట్లోని కణంలో దూరితే, ఆ కణమే చీటీ చదివి, తన సరుకు పెట్టి వేల నకళ్లు చేస్తుందట. అవి బయటపడి పక్క కణాల్లో దూరతాయట. కొన్ని వైరస్‌లకు తొడుగు మీద కొవ్వు పొర ఉంటుంది, అది సబ్బుకు కరుగుతుంది. కొన్నింటికి ఉండదు. లోపలి చీటీ రాత కూడా డీఎన్ఏ, ఆర్ఎన్ఏ అని రెండు రకాలు. ఇలాంటివన్నీ చూసే వాటిని తెగలుగా విడదీస్తారని చెప్పింది.

"కాయితానికి కాళ్లున్నయా? నీ పెన్ను, నీ కాయితం, నీ భయం. గవి పెట్టి నువ్వే రాసినవ్. కణం గూడ గంతే." క్యాప్సూల్ పక్కన పెట్టి, "ఎన్ని పంచినవ్?" అంది.

"ఒక్కటే అక్కా."

అక్క ముఖం వాడిపోయింది. తట్టు నాకూ వచ్చేసినట్టుందని, నేను పంచుతున్నది ఒక్క కాగితమే కాదని అప్పుడు చెప్పింది. మిగిలిన పదీ తీసుకెళ్లి పొయ్యిలో వేసింది. తమ్ముడి ప్రాణమే కాలిపోతోందని నేను గుండెలు బాదుకుని ఏడ్చాను.

మర్నాటికి నాకు దద్దుర్లు తేలాయి. ఉత్తరాలు కాలిపోయినా తమ్ముడు నాలుగు రోజులకు తన కాళ్లమీద నడిచి ఇంటికొచ్చాడు. రెండు వారాలు తిరక్కుండా నా స్నేహితురాలికి తట్టు పోసింది. చెవిలో చీము పట్టి కుడి చెవి వినికిడి పోయింది. నావల్లనో, వాడలో ఇంకెవరివల్లనో ఎవరూ చెప్పలేరని అక్క ఎన్నిసార్లు సముదాయించిందో! నా మనసు వినలేదు.

ఇప్పుడు నేనూ ఆ స్నేహితురాలూ కొల్లూరులో ఒకే అపార్టుమెంటు బ్లాకులో ఉంటున్నాం. ఫోనులో "పది మందికి పంపండి" అని వస్తే నా వేలు ఆగిపోతుంది. జలుబు చేస్తే గడప దాటను. మనవరాలి టీకా రోజు అందరికంటే ముందు చెప్పులేసుకుంటాను. చాదస్తమని కోడలు నవ్వుతుంది, నవ్వనీ. సాయంత్రం నా స్నేహితురాలు ముచ్చట్లకు వస్తే ఎప్పుడూ ఆమెకు ఎడమవైపే కూర్చుంటాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆ రోజు ఉత్తరంతో పాటు ఆమెకు ఇంకేం అందించి ఉంటానో నేనింకా చెప్పలేదు.