సన్నాయి మల్లయ్య ముందు పళ్లు

1978. జనగామ స్టేషన్ రోడ్డులో, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు పెట్టుకుని నేను పళ్ల డాక్టరుగా కూర్చున్న కాలం. ఆ డ్రిల్లు చప్పుడు వింటేనే నొప్పి తగ్గిపోయేది. సగం మంది రోగులు మెట్ల మీదే బాగుపడి వెనక్కి పోయేవారు.

ఓ ఉదయం చిల్పూరు నుంచి సన్నాయి మల్లయ్య వచ్చాడు. పై ముందు పళ్లు విసనకర్రలా విచ్చుకుని ముందుకొచ్చాయి. మధ్య సందులో ఎడ్లబండి మలుపుకోవచ్చు.

“పెదవి ఆనుతలేదు సార్. గాలంత పక్కకు పోతున్నది. ఊదకపోతే నన్ను పెండ్లిళ్లకు ఎవరు పిలుస్తరు? గివి పీకి కొత్తయి పెట్టున్రి.”

“దవడ పళ్లేవి మల్లన్నా?”

“ఎన్నడో పీకిచ్చిన. కనవడనియే కద.”

నాకు హుషారొచ్చింది. పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరును మేం ఆక్లూజన్ అంటాం. నమిలే బరువు మోయాల్సినవి దవడ పళ్లు. అవి లేక మల్లయ్య జొన్నరొట్టెను ముందు పళ్లతో నములుతున్నాడు. ప్రతి ముద్దకూ కింది పళ్లు పై పళ్లను వెనక నుంచి తోస్తున్నాయి. పన్ను గోడలో దిగిన మేకు కాదు, పదేపదే తోస్తే ఎముకలోనే జరుగుతుంది.

ముందు పళ్లు పీకకుండా, చిగుళ్లు శుభ్రం చేసి పార్షియల్ డెంచర్, అంటే తీసి పెట్టుకునే దవడ పళ్లు, చేసిచ్చాను. వీటితోనే నమలాలన్నాను. తల ఊపాడు.

నెలలు గడిచినా ముందు పళ్లు ఇంకా వదులవుతూనే ఉన్నాయి. సన్నాయే తోస్తోందేమో, మానెయ్యమని చెప్పాలేమో అని భయపడ్డాను. ఆ మాట అతనితో ఎలా అనడం?

అంతలో నర్మెట్టలో ఓ పెళ్లి. భోజనాల్లో మల్లయ్య, అతని భార్య లచ్చవ్వ నా పక్కనే కూర్చున్నారు. విస్తట్లో మటన్ పడగానే మల్లయ్య నోట్లోంచి దవడ పళ్లు తీసి, రుమాలులో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఏంది మల్లన్నా గిది?”

“తింటే అరుగుతయ్ గద సార్. ఊదేటప్పుడు పెట్టుకుంట.”

“నన్ను సుత ముట్టనియ్యడు సార్,” అంది లచ్చవ్వ. “పట్టుధోతి లెక్క పెట్టెల దాస్తడు.”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సన్నాయి తప్పేం లేదు!

“ఊదేటప్పుడు తీసినా సరే, తినేటప్పుడు పెట్టుకో. అరిగితే మళ్ల చేసిస్త. ముందు పళ్లు రాలితే నీ సన్నాయి నేను ఊదాల్నా?”

“వద్దు సార్, పెండ్లి ఆగిపోతది,” అంటూ మల్లయ్య పళ్లు పెట్టుకున్నాడు. లచ్చవ్వ ఓ మటన్ ఎముక అతని విస్తట్లో వేసింది.

అప్పటి నుంచి కింది పళ్లు వెనక నుంచి తోయడం తగ్గింది. ముందు నుంచి సన్నాయి పట్టిన పెదవులు నొక్కుతూనే ఉన్నాయి. వానాకాలం వెళ్లేసరికి, తీగ లేకుండా, క్లిప్పు లేకుండా, ఆ సందు చాలావరకు మూసుకుంది. నేను కోతలు కోస్తానని జనగామలో పేరుంది గానీ, ఇది మాత్రం అచ్చంగా జరిగింది. మల్లయ్య నా గదిలోనే ఊది చూపించాడు. కుర్చీలో నోరు తెరిచి ఉన్న రోగి అలాగే ఉండిపోయాడు.

పళ్లు చేసిస్తే సరిపోదు, వాటిని ఎప్పుడు తీస్తారో కూడా అడగాలని నాకు తెలిసొచ్చింది. ఆ తర్వాత పళ్లు కట్టించుకున్న ఎవరినీ నా ముందు జొన్నరొట్టె నమిలించకుండా పంపలేదు. రొట్టె మా ఇంటిదే. దాని కోసమే పళ్లు కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.