ఎసట్లో పోసిన నీళ్లు

జగిత్యాలలో మా మట్టి, నీళ్ల పరీక్షల ల్యాబ్‌కి ఆ రోజుల్లో పనికన్నా బందులే ఎక్కువ. తెలంగాణ రావాలని నాకూ ఉంది, నేనూ నినాదాలిచ్చాను. కానీ బస్సుల కోసం ఎండలో నిలబడీ నిలబడీ ప్రాణం విసిగిపోయేది. ఎవరి మీదో తెలియని కోపమొచ్చేది.

సిరిసిల్ల అంచున, బట్టలకు రంగులద్దే షెడ్ల వెనక ఒక మరమగ్గాల కార్మికుడి ఇల్లు. ఆయన భార్య తమ బోరు నీళ్లు ఒక క్యానులో పట్టిచ్చింది. "బిడ్డను తొలి కాన్పుకు తోల్కరావాలె మేడం. గీ నీళ్లు తాగచ్చా, తాగద్దా? గదొక్కటి చెప్పుండ్రి," అంది. చూడ్డానికి తేటగానే ఉన్నాయి. పరీక్ష చేస్తే గానీ చెప్పలేనన్నాను.

రుద్రంగిలో మట్టి నమూనాలు కూడా తీసుకుని బస్సెక్కితే, అది కోరుట్లలో ఆగిపోయింది. ముందు వంటావార్పు. రోడ్డుకడ్డంగా పొయ్యి పెట్టి, వండుకుని అక్కడే తినడం ఉద్యమంలో ఒక పద్ధతి. ఆలస్యమవుతుందని మా సారుకు ఫోన్ చేద్దామని దిగాను. ఈలోగా ఎసట్లోకి నీళ్లు చాలలేదని వంట చేస్తున్న ఉద్యమకారులు అడిగితే, కండక్టరు నా క్యాను తీసిచ్చాడు. నేను తిరిగొచ్చి ఖాళీ క్యాను చూసేసరికి అన్నం ఉడికిపోయింది.

"అయ్యో, గవి పరీక్షకు తెచ్చిన నీళ్లు! తినకుండ్రి!" అని అరిచాను.

"మాకేం ఎరుకనమ్మా, మంచినీళ్ల లెక్కనే ఉండె," అని గరిటె పట్టుకున్న పెద్దమనిషి గొణిగాడు. అయినా గుంత తీసి అన్నమంతా పారబోశారు. ఆకలితో ఉన్నవాళ్లు ఒక్కరూ మెతుకు ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆ నీళ్లిచ్చిన సిరిసిల్ల ఆమెకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. రేపటి నుంచి మా ల్యాబ్ సమ్మెలో ఉంటుందనీ, ఎన్నాళ్లో తెలియదనీ చెప్పక తప్పలేదు.

"అన్నం మొత్తం పారబోసిండ్రా?"

"ఆఁ."

"ఆకలి మీదున్నోళ్లు గూడ తినలేదా?"

"తినలేదమ్మా, నేనే వద్దన్న. గని ఆ నీళ్లు చెడ్డయని కాదు, ఇంకా తెల్వదు..."

"ఇంకేం తెల్వాలె మేడం? బిడ్డను అత్తగారింట్లనే ఉండుమంట," అంది. మళ్లీ తనే, "మేమంటే దినాం గవే తాగుతున్నం," అంది.