సీసాలో మిగిలిన డోసు

మా వీధి పిల్లలు ఆమెను సూదమ్మ అనేవారు. ఆస్పత్రిలో నర్సు. మా ఎదురింటి మేడ మీద రెండు గదుల్లో అక్కతో ఉండేది. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని పెంచి, నర్సు చదువు చదివించింది ఆ అక్కే.

"ఇద్దరికీ సూదే కూడు పెడుతోంది కదే," అన్నాను ఒకసారి.

"నా సూది నా మాట వింటుంది పిన్నీ. దాని సూది అందరినీ ఏడిపిస్తుంది," అంది అక్క.

మహమ్మారి కాలంలో టీకా వచ్చింది. ముందు ఆస్పత్రివాళ్ళకు, ఆ తరువాత మాకు. వీధి చివరి బడిలో బల్లలు జరిపి సూదమ్మను కూర్చోబెట్టారు. ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా మందు. మూత తీశాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారబోయాలి. సాయంత్రానికి ఒక డోసు మిగిలితే అక్కడ పనిచేసేవాళ్ళు వేసుకోవచ్చు. అలా మిగిలిన ప్రతిసారీ సూదమ్మ గుమ్మంలోకి వచ్చి దారినపోయేవాళ్ళను కేకేసేది.

"ఓ కూరగాయలన్నా! బండి పక్కన పెట్టి ఇటు రా. చీమ కుట్టినంతే!"

"మహాతల్లి, తన వంతు కూడా పరాయివాళ్ళకు ధారపోస్తోంది," అని వీధంతా మెచ్చుకుంది. ఆమె తల దించుకునేది. వినయం కాబోలు అనుకున్నాం.

విచిత్రమేమంటే అక్క కూడా టీకా వేయించుకోలేదు. ఆరా తియ్యకపోతే నాకు ముద్ద దిగదు. మేడెక్కాను.

"ఇంట్లో నర్సును పెట్టుకుని ఇంకా ఈ ఆలస్యమేమిటే?"

"అది వేసుకున్న రోజే నేనూనూ. చిన్నప్పుడు నేను ముందు నాకి చూపిస్తే గాని మందు మింగేది కాదు పిన్నీ. ఇప్పుడు దాని వంతు," అని అక్క నవ్వింది. సూదమ్మ నవ్వలేదు.

అక్క వంటింట్లోకి వెళ్ళగానే సూదమ్మ చెయ్యి పట్టుకున్నాను. "నిజం చెప్పు. దానమా, భయమా?"

ఆమె గోడకేసి చూస్తూ చెప్పింది. తనతో పనిచేసే నర్సు ఒకామె టీకా వేసుకున్న వారంలోనే గుండె ఆగి చనిపోయింది. ఆ గుండెజబ్బు ఎప్పటినుంచో ఉన్నదేనని డాక్టర్లు పరీక్షలు చూపించి మరీ చెప్పారు.

"నాకూ తెలుసు పిన్నీ. జనానికి ఆ మాటే చెబుతున్నాను. కానీ ఆమె ముఖం మీద దుప్పటి కప్పింది నేనే. నా చెయ్యి దాకా వచ్చేసరికి తెలిసిందంతా ఎటో పోతుంది."

"పోనీ, అక్కకైనా వెయ్యవే."

"నేను వేసుకోకుండా ఏ ముఖం పెట్టుకుని దాన్ని చెయ్యి చాపమనను? వచ్చే వారం ఇద్దరం కానిచ్చేస్తాంలే."

వచ్చే వారానికి జబ్బే ఆ మేడెక్కింది. మొదట సూదమ్మకు దగ్గు వచ్చి తగ్గింది. అక్కకు అంటుకుని ముదిరింది. చెల్లెలు కోలుకుని డ్యూటీకి వెళ్ళేసరికి అక్క ఆమె పనిచేసే వార్డులోనే మంచం మీద ఉంది. నెత్తి నుంచి పాదాల దాకా ముసుగు సూటు తొడుక్కుని పక్కనే నిలబడితే, అక్క పోల్చుకోలేకపోయింది.

"సిస్టర్, మా చెల్లిని ఒకసారి పిలుస్తారా? ఇక్కడే పనిచేస్తుంది," అని అడిగిందట.

"నేనేనే అక్కా," అని ఎంత అరిచినా ఆక్సిజన్ హోరులో ఆమె చెవికెక్కలేదట. ఆ తరువాత అక్క మరి మాట్లాడలేదు, మేడకు తిరిగి రాలేదు.

జబ్బు తగ్గాక టీకాకు ఇన్నాళ్ళు ఆగాలని డాక్టరు చెప్పిన గడువు దాటాక సూదమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి టీకా వేయించుకుని వచ్చింది. సాయంత్రానికి ఒళ్ళు కాలింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, ఏదో రావలసినదాని కోసం చూస్తున్నట్టు బిగుసుకుని పడుకుంది.

మర్నాటికి చెమట పట్టింది. నుదురు మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా తగిలింది.

"తగ్గిపోయిందే తల్లీ!" అన్నాను సంబరంగా.

ఆమె లేచి కూర్చుంది. నా చెయ్యి తీసేసి తన నుదురు తానే తడుముకుంది. మెడ తడుముకుంది.

"ఇంతేనా పిన్నీ?" అంది. "ఇంకేమీ రాదా? ఇంతేనా?"

జ్వరం ఇంకా ఎక్కడో కాస్తయినా మిగిలి ఉందేమోనన్నట్టు ఒళ్ళంతా తడుముకుంటూ గుక్కపట్టి ఏడ్చింది.