నాన్న వండిన మునగాకు

మొదటి పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలని అందరూ అన్నారు. ఆ పుట్టింట్లో నాన్న తప్ప ఎవరూ లేరని కూడా వాళ్ళకు తెలుసు. నేను ఇంటర్ చదివేటప్పుడే అమ్మ పోయింది. నాకు తోబుట్టువులు లేరు. అయినా ఆనవాయితీ కాదనలేక, నరసరావుపేట ఆసుపత్రిలో పాప పుట్టిన తర్వాత మాచవరంలో నాన్న దగ్గరికి వచ్చేశాను. మా ఆయనకు నడికుడిలో రైల్వే ఉద్యోగం. సెలవు దొరికితే వచ్చేవాడు. చాలాసార్లు దొరికేది కాదు.

అది మిరపకాయలు ఎండబెట్టే కాలం. నాన్న తెల్లారగానే కల్లానికి వెళ్ళిపోయేవాడు. ఊరంతా మిరప ఘాటు. అది పాపకు తగలకుండా తలుపులూ కిటికీలూ మూసుకుని పగలంతా గదిలో కూర్చునేదాన్ని. ఫోను చూస్తే బాలింతకు కళ్ళు పోతాయని పక్కింటి అత్త దాన్ని బీరువా మీద పెట్టించింది. వీధిలో ట్రాక్టర్లు వెళ్ళే చప్పుడు వినిపించేది. మనుషులు మాట్లాడుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఎవరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు, వాళ్ళకూ కోతల పనే కదా.

పాపకు పాలు చాలేవి కావు. కాసేపు లాగి, విసుగ్గా వదిలేసి, ముఖం కందిపోయేలా ఏడ్చేది. దాంతోపాటు నేనూ ఏడ్చేదాన్ని. నాన్న ఇంట్లో ఉంటే వసారాలోంచే అడిగేవాడు.

"ఏందమ్మా, ఎందుకట్టా ఏడుస్తంది?"

"ఏం లేదు నాన్నా, ఊరికే."

నాకు పాలు పడటం లేదని కన్నతండ్రితో ఎలా చెప్పను? ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. కానీ ఆయన మాత్రం ఎలా అడుగుతాడు? ఇద్దరి మధ్యా ఒక తలుపే ఉండేది. ఆ మాట మాత్రం దాన్ని దాటేది కాదు.

పథ్యం సంగతి పక్కింటి అత్త చూసేది. వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. "ఆకుకూరల జోలికి పోమాక. బిడ్డకి పచ్చగా విరేచనాలు అవుతయ్," అని మొదటిరోజే చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. తన కోడళ్ళకు ఏం పెట్టిందో నాకూ అదే పెట్టింది.

ఒకరోజు ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ పాపను తూచి, నా కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది.

"ఒంట్లో రక్తమే లేదు కదమ్మా. ఆకుకూరలు తింటన్నావా?"

తినడం లేదన్నాను.

"ఎవరు మానెయ్యమన్నారు? మునగాకు, మెంతికూర, తోటకూర, ఏది దొరికితే అది తిను. నీళ్ళు బాగా తాగు. బిడ్డ అడిగినప్పుడల్లా పట్టు. అది లాగే కొద్దీ పాలు పడతయ్. బెంగ పెట్టుకోకు, మళ్ళీ వచ్చి తూస్తా."

వసారాలో నాన్న ఆ మాటలన్నీ విన్నాడు. కండువా భుజాన వేసుకుని బజారుకు వెళ్ళాడు.

బజారులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఆకుకూరలమ్మే ముస్లిం ఆవిడ ఒకామె ఉంది, చిన్నప్పటి నుంచీ ఆమెను పిన్నీ అని పిలుస్తాను. పాపను చూడటానికి వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పింది.

"మీ నాయన వచ్చి నా గంప ముందు నిలబడ్డాడే. కొనడు, పోడు. ఏంది అన్నా, ఏం కావాలి అంటే, మా ఇంట్లో గేదె ఈనింది, పాలు తక్కువగా ఉన్నయ్, ఏ ఆకు పెడితే మంచిది అన్నాడు. గేదెకైతే పచ్చగడ్డి వెయ్యి, నన్నడుగుతావేంది అని చెప్పా. అయినా కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మీ ఇంట్లో గేదె ఎక్కడుందే! అమ్మాయికా అన్నా? అని అడిగితే తలొంచుకుని ఊఁ అన్నాడు."

నవ్వాను. ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు ఏడ్చాను.

ఆరోజు నాన్న మెంతికూర కట్టలూ, ఎవరింటి పెరట్లోనో అడిగి కోయించిన మునగ కొమ్మలూ తెచ్చాడు. మిరపకాయలు తిరగేసిన చేతులు కాబట్టి ముందు నూనె రాసి, సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, అప్పుడు ఆకు వలవడానికి కూర్చున్నాడు. మొదటిరోజు కూరలో ఆకు కంటే పుల్లలే ఎక్కువ. ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు. పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి, "తినమ్మా, బలం," అన్నాడు. అంతే. తర్వాత్తర్వాత పెసరపప్పులో మునగాకు వెయ్యడం, మెంతికూర చేదు తెలియకుండా వెల్లుల్లితో వేయించడం ఆయనకు చేతనైంది. పక్కింటి అత్త ఒకటి రెండుసార్లు సణిగింది. పాపకు విరేచనాలేవీ కాకపోయేసరికి ఊరుకుంది.

పాలు మెల్లగా పెరిగాయి. ఆకు వల్లో, పాపను మాటిమాటికీ పట్టడం వల్లో, పొయ్యి దగ్గర ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం వల్లో నాకు తెలియదు. నర్సమ్మ మళ్ళీ తూచినప్పుడు పాప బరువు పెరిగింది. "ఇట్టాగే తిను," అని నవ్వింది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాను. "నాన్నా, నేను పుట్టినప్పుడు అమ్మకి పాలు సరిగా పడ్డాయా? అమ్మ ఏం తినేది?"

నాన్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"తెలవదమ్మా," అన్నాడు. "అప్పుడు మీ అమ్మమ్మ ఉండేది. ఆడోళ్ళ సంగతులని నేను గదిలోకే వచ్చేవాణ్ణి కాదు. ఒక్కనాడూ అడగలా."

"నేను బాగా ఏడ్చేదాన్నా?"

"అదీ గుర్తు లేదు తల్లీ."

అమ్మమ్మ పోయింది, అమ్మా పోయింది. నేను ఎలాంటి పసిబిడ్డనో చెప్పగల మనిషి ఈ లోకంలో ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. నాన్న కూడా అదే అనుకున్నాడేమో, కంచం వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను ఇంకేం అడగలేదు. ఇద్దరం తిన్నాం. ఆయన కంచాలు కడిగి బోర్లించి కల్లానికి వెళ్ళాడు. నేను తలుపు మూసుకుని పాపను ఒళ్ళోకి తీసుకున్నాను.